నాన్న తొలిచిన బ్యాటు

మొన్నొక శనివారం మా అమ్మాయి తన కొడుక్కి బేస్‌బాల్ బ్యాటు కొంటానంటే నేనూ వెంట వెళ్ళాను. ఆ షాపులో ఇప్పుడు మనుషులు బ్యాటు చూపించడం లేదు. వల కట్టిన గదిలో పిల్లవాణ్ణి నిలబెట్టి నాలుగుసార్లు బ్యాటు తిప్పమన్నారు. గోడమీది తెర ఏవో అంకెలు చూసుకుని నీకు తగిన బ్యాటు ఇదీ అని చెప్పేసింది. అది చెప్పిన బ్యాటు ఆ షాపులోకల్లా పై అరలో, అద్దాల వెనక ఉంది. నాకు ఒళ్ళు మండింది. "ఈ మెషీన్ ఎవరిది? షాపువాళ్ళదే కదా. అది చవక బ్యాటు ఎందుకు చెబుతుందీ?" అన్నాను. మా అమ్మాయి తన అమెరికా యాసలో, "డాడీ, నువ్వు సేమ్ తాతయ్యలాగ మాట్లాడుతున్నావ్" అంది.

అందరం నవ్వుకున్నాం. కానీ ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. తాతయ్యకీ బ్యాటుకీ మధ్య జరిగిన కథ మా అమ్మాయికి తెలుసు, మా చుట్టాలందరికీ తెలుసు. అయితే వాళ్ళకి తెలిసింది సగమే. మిగతా సగం ఇంతవరకూ నేనెవరికీ చెప్పలేదు.

అప్పుడు మేము డెట్రాయిట్‌కి పడమట ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మొక్కజొన్న చేలు చదును చేసి అప్పుడప్పుడే ఇళ్ళు కడుతున్నారు. మా వీధి చివర రోడ్డు ఆగిపోయి మట్టి మొదలయ్యేది. వాన పడితే ఆ మట్టి వాసనకి అమ్మ వంట ఆపేసి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేది. నాన్న కార్ల కంపెనీలో పరీక్షల విభాగంలో ఇంజనీరు. తలుపు గొళ్ళాన్ని వేసి తీసి, వేసి తీసి, ఎన్నో వేలసార్లకి అది విరుగుతుందో చూసి కాగితం మీద రాయడం ఆయన పని. దేన్నీ నమ్మకుండా ఉండటానికి కంపెనీ ఆయనకి జీతం ఇచ్చేది. ఇంటికొచ్చాక అదే పని జీతం లేకుండా చేసేవాడు.

దానికి తోడు వచ్చిన కొత్తలో ఒక దెబ్బ తిన్నాడు. వారానికొకసారి చర్చికి మాత్రమే వెళ్ళే ముసలావిడ కారండీ అని చెప్పి ఒక పెద్దమనిషి నాన్నకి ఒక కారు అంటగట్టాడు. నెల తిరక్కుండా అది నడిరోడ్డు మీద కూలబడింది. విప్పి చూస్తే ఎన్ని మైళ్ళు తిరిగిందో చూపే మీటరు వెనక్కి తిప్పి ఉంది. కార్ల ఇంజనీరుకే తుక్కు కారు అమ్మారని ఆఫీసులో అందరూ పడీపడీ నవ్వారట. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వులకి నాన్న మనసు విరిగింది. ఆ రోజునుంచి ఎవరు నవ్వుతూ పలకరించినా ఆయన కళ్ళు చిన్నవయ్యేవి. మేము ఆ ఇంట్లో దిగిన రోజు పక్కింటావిడ కేకు చేసి తెస్తే, ఆవిడ గుమ్మం దిగేదాకా ఆగి, "ఊరికే ఎందుకిచ్చింది?" అన్నాడు. అమ్మ ఆ మాట విననట్టే ఊరుకుని, కేకు గిన్నె కడిగి జంతికలు పోసి తిరిగి పంపింది. ఆ గిన్నె మా రెండిళ్ళ మధ్యా అలా ఏళ్ళ తరబడి తిరిగింది.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఏదీ నా సైజుకి కొనేవారు కాదు. పెరిగే పిల్లాడు, రేపటికి పొట్టయిపోతుంది అనేవాడు నాన్న. నా బూట్ల ముందుభాగంలో దూది ఉండేది. చలికోటు చేతులు రెండు మడతలు. మా స్నేహితుల కుటుంబాల్లోని పిల్లలందరూ అలాగే ఉండేవాళ్ళు. అందరం కలిసి నిలబడితే బట్టలే వచ్చాయి, పిల్లలు ఇంకా రావాలి అన్నట్టుండేది.

నాకు పదకొండేళ్ళప్పుడు మా ఊరి పిల్లల జట్టులో చేరాను. పక్కింటి అబ్బాయి అప్పటికే ఆ జట్టులో ఉన్నాడు, వాడే నన్ను లాక్కెళ్ళాడు. మా కోచ్ పగలు స్కూలు బస్సు నడిపేవాడు. పొడుగ్గా, ఎండకి కందిపోయిన మెడతో, నోట్లో ఎప్పుడూ ఒక పొద్దుతిరుగుడు గింజ నములుతూ ఉండేవాడు. మొదటి రోజే నన్ను పిలిచి బ్యాటు ఎలా ఎంచుకోవాలో చూపించాడు. బ్యాటు పిడి చివరని నా ఛాతీ నడుమ ఆనించి, చెయ్యి చాచమన్నాడు. వేళ్ళు బ్యాటు అంచుని అందుకుంటే అది నీ పొడుగు. తర్వాత ఒంటిచేత్తో పక్కకి చాచి పట్టుకోమన్నాడు. చెయ్యి వణికితే అది నీ బరువు కాదు. "నీకు ఇరవైతొమ్మిది అంగుళాలు చాలు. తేలికది, అల్యూమినియంది తీసుకో" అని చెప్పి, ఒక షాపు పేరు చీటీ మీద రాసిచ్చాడు.

నాన్న ఆ చీటీని వెలుతురుకి ఎత్తి చూశాడు, దొంగనోటు చూసినట్టు. రెండు రోజులు వాకబు చేశాడు. ఆ షాపతను కోచ్ భార్యకి స్వయానా తమ్ముడని తేలింది.

"చూశావా" అన్నాడు అమ్మతో.

"బావమరిది షాపుంటే ఆ షాపే చెబుతాడు. దానికేముందండీ?" అంది అమ్మ.

"నీకు తెలీదు. పొట్టిది కొనమంటున్నాడు. వచ్చే ఏడు వీడు పెరుగుతాడు. మళ్ళీ కొనాలి. ఎక్కడ కొనాలి?"

ఆ శనివారం సాయంత్రం మా ఇంట్లో భోజనాలు. నాలుగైదు కుటుంబాలు వచ్చాయి. ఆ రోజుల్లో మాకు మామిడికాయ దొరికేది కాదు, పుల్లటి పచ్చ ఆపిల్‌తో అమ్మ ఆవకాయ పెట్టేది. పొద్దున పాలల్లో వేసుకునే బియ్యపు పేలాలకి పోపు పెట్టి మరమరాల మిక్చరు చేసేది. ఆవపిండి ఘాటు, కార్పెట్లో ఇంకిపోయిన ఇంగువ వాసన, సోఫా మీద పేరుకున్న కోట్ల తడి ఊలు వాసన, ఇవన్నీ కలిసి మా ఇంటి వాసన. మగవాళ్ళు కింద బేస్‌మెంట్‌లో చేరారు. నాన్న చీటీని అందరికీ చూపించాడు.

డాక్టరు అంకుల్ కళ్ళజోడు పైకి తోసుకుని, "కమీషన్ బాబూ. దిసీజ్ హౌ దే ఆపరేట్. మా హాస్పిటల్లో మందుల కంపెనీ వాళ్ళు చేసేదీ ఇదే" అన్నాడు.

వరంగల్ వైపు నుంచి వచ్చిన ఇంకో అంకుల్ మిక్చరు నములుతూ, "కమీషన్ ఒక్కటే కాదన్నా. రోజూ సాయంత్రం మంది పిల్లలను ఊకెనే ఆడిస్తడా ఎవడన్న? ఏదో ఉంటది. మనకు తెల్వది గని, ఉంటది" అన్నాడు.

పళ్ళేలు తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక ఆంటీ ఆగింది. ఆవిడది బాపట్ల వైపు, ఆదివారాలు తెలుగు చర్చిలో పిల్లలకి బైబిలు చెప్పేది. "నేను పిల్లలకి ఊరికే చెప్పట్లేదా అన్నయ్యగారూ? నాకేం ముడుతోంది?" అంది.

నాన్న తడుముకుని, "మీరు వేరు చెల్లెమ్మా. మీ లెక్క చూసుకోవడానికి దేవుడున్నాడు. అతనికెవరున్నారు?" అన్నాడు. ఆవిడ నవ్వి పళ్ళేలు తీసుకుని వెళ్ళిపోయింది. నేను మెట్లమీద కూర్చుని ఇదంతా విన్నాను. మర్నాడు మైదానంలో కోచ్ నా భుజం మీద చెయ్యి వేస్తే, ఏం కావాలి ఈయనకి అని మొదటిసారి అనిపించింది.

నాన్న నన్ను కోచ్ పేరు కూడా తెలియని షాపుకి, గంట దూరం డ్రైవ్ చేసి తీసుకెళ్ళాడు. అల్యూమినియం బ్యాట్ల మీద వేలితో కొట్టి, "ఖాళీ డబ్బా రా ఇది. లోపలేం లేదు" అని పెట్టేశాడు. చెక్క బ్యాట్ల దగ్గర ముప్పావుగంట పట్టింది. ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గుప్పిటతో తట్టి విన్నాడు. ఒక కన్ను మూసి వంకర ఉందేమో చూశాడు. చారలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. ఆఖరికి షాపు నేల మీద దొర్లించి, ఎటు పోతోందో వంగి చూశాడు. షాపతను మా వెనకాలే తిరుగుతున్నాడు. మేము ఏదైనా జేబులో వేసుకుంటామేమోనని అతని అనుమానం, మంచి సరుకు దాచేస్తాడేమోనని నాన్న అనుమానం. ముగ్గురం అలా ఒకరినొకరం కనిపెట్టుకుంటూ వరసలన్నీ తిరిగాం.

నాన్నకి నచ్చింది ముప్పైనాలుగు అంగుళాల బ్యాటు. నా పక్కన నిలబెడితే పక్కటెముకల దాకా వచ్చింది.

"సర్, అది పెద్దవాళ్ళది. ఈ అబ్బాయికి పనికిరాదు" అన్నాడు షాపతను.

నాన్న నావైపు వంగి తెలుగులో, "విన్నావా? మంచిది మనకివ్వడానికి చెయ్యి రావట్లేదు" అన్నాడు.

కారులో నాకు పాఠం కూడా చెప్పాడు. "ఫోర్స్ ఈజ్ మాస్ ఇంటూ యాక్సిలరేషన్. మాస్ ఎక్కువుంటే బంతి ఎక్కడికో పోతుంది. పైగా నువ్వు కాలేజీకి వెళ్ళినా ఇదే పనికొస్తుంది." ఆ యాక్సిలరేషన్ నా చేతుల్లోంచి రావాలని మాత్రం ఆయనకి తట్టలేదు. అమ్మ ఆ బ్యాటు చూసి, "ఇదేంటి, రోకలి తెచ్చారు? పోనీలెండి, పచ్చడి దంచుకోవచ్చు" అంది. నాన్న నవ్వలేదు.

నేను దాన్ని తిప్పడం మొదలుపెట్టేసరికి బంతి వెనక కూర్చుని పట్టేవాడి చేతిలో ఉండేది. మూడు ఆటల్లో ఒక్కసారి కూడా తగల్లేదు. పిల్లలు నన్నేమీ అనేవాళ్ళు కాదు, అదే ఇంకా అనుమానంగా ఉండేది. వాళ్ళు గుసగుసలాడితే నా గురించేనని, నవ్వితే నా రంగు చూసేనని అనుకునేవాణ్ణి. కోచ్ ఒకటికి రెండుసార్లు జట్టు సంచిలోంచి చిన్న బ్యాటు తీసి ఇవ్వబోయాడు. నాన్న వద్దన్నాడని తీసుకోలేదు. "మిగతావాళ్ళకి సొంతవి, నీకు మాత్రం ఎవరో వాడి పడేసినదా? మననే ఎందుకడిగాడో ఆలోచించు" అన్నాడు నాన్న.

నాలుగో ఆటలో బ్యాటు నా చేతుల్లోంచి జారి, గిరగిరా తిరుగుతూ పోయి మా పిల్లలు కూర్చున్న బల్లకి జానెడు దూరంలో పడింది. కోచ్ ముఖం పాలిపోయింది. నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "ఇంకెవరికైనా తగిలి ఉంటే? వచ్చేవారానికి దీన్ని అదుపులో పెట్టగలిగితే ఆడు. లేదా సంచిలోది తీసుకో. రెండూ కాదంటే మిగిలిన ఆటలన్నీ నువ్వు బల్ల మీదే."

నాకు ఆ ఆట తప్ప ఆ ఊళ్ళో ఇంకేమీ లేదు. స్కూల్లో నా డబ్బాలో పెరుగన్నం చూసి ముక్కు మూసుకునేవాళ్ళే, మైదానంలో నా పక్కన కూర్చుని గింజలు పంచుకునేవాళ్ళు. బల్ల మీద కూర్చోబెడితే మళ్ళీ నేను ఎవడికీ కానివాణ్ణే. ఆ వారమంతా స్కూలు నుంచి రాగానే ఇంటి ముందు ఒక్కణ్ణే ఆ బ్యాటు తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి.

అన్నం తినేటప్పుడు నాన్న చూశాడు. నా చెయ్యి పట్టుకుని దీపం కిందికి లాగాడు. అమ్మ వెన్న తెచ్చి రాస్తూ, "పోయి చిన్నది కొనుక్కురండి" అంది గట్టిగా. నాన్న లేచి బ్యాటు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం నన్నూ కిందికి పిలిచాడు. నా చిన్నతనంలో నాన్నతో నేను గడిపిన రోజులన్నిట్లోకీ అది మంచిరోజు. కొత్త బ్యాటు కొంటే ఓడిపోయినట్టు. అందుకని ఉన్నదాన్నే నాకు సరిపోయేట్టు చేస్తానన్నాడు. ముందు లావుగా ఉన్న చివర మూడు అంగుళాలు రంపంతో కోసేశాడు. అమ్మ వంటింటి త్రాసు తెచ్చి తూచాడు. ఇంకా బరువే. అప్పుడు కోసిన చోటునుంచి డ్రిల్లుతో లోపలికి లోతుగా తొలిచాడు. చెక్కపొట్టు లేస్తుంటే వేయించిన పల్లీల్లాంటి వాసన వచ్చింది. నేను టార్చి పట్టుకున్నాను, పొట్టు ఊడ్చాను, తూచి అంకె చదివాను. ఆయన ఆ అంకెలు గోడమీద పెన్సిలుతో రాసుకున్నాడు.

తొలిచాక తట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "గుల్ల మోగుతోంది. అదురుతుంది, పగులుతుంది" అని, ఆఫీసులో పారేసే ముక్కల్లోంచి తెచ్చుకున్న కార్కు రేకు తీశాడు. ఇంజను భాగాల మధ్య నూనె కారకుండా వేసే రేకు అది. దాన్ని చుట్టగా చుట్టి, జిగురు పూసి, రంధ్రంలోకి దిగ్గొట్టాడు. పైన చెక్క బిళ్ళ బిగించి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, వార్నిష్ పూశాడు. "అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా కనపడకూడదు రా. అదీ పనంటే" అన్నాడు. పై నుంచి అమ్మ, పులుసంతా రంగు వాసన కొడుతోందని అరిచింది. నాన్న నావైపు చూసి కన్ను కొట్టాడు. ఆయన కన్ను కొట్టడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ బ్యాటు గాలిలో తిరిగింది. మంగళవారం ఆటలో మొదటి బంతికే తగిలింది. చేతుల్లో ఆ దెబ్బ అదురు ఇప్పటికీ ఉంది. బంతి పిల్లల తలల మీదుగా పోతుంటే నేను పరిగెత్తడం మరిచిపోయి నిలబడ్డాను. నాన్న మడతకుర్చీలోంచి లేచి, చప్పట్లు కొట్టడం సిగ్గనిపించి మళ్ళీ కూర్చున్నాడు. కోచ్ నా టోపీ మీద ఒకటి చరిచాడు. ఆ రోజు నా పక్కన కూర్చోవడానికి ఇద్దరు పోటీపడ్డారు.

మర్నాడు పక్కింటి అబ్బాయి మా ఇంటికొచ్చి బ్యాటు చేతిలోకి తీసుకున్నాడు. చివరని సూర్యుడి వైపు తిప్పి, గోటితో గీరాడు. వార్నిష్ కింద సన్నగా గుండ్రటి గీత ఉంది.

"దీన్ని తొలిచారా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"లోపల కార్కు పెట్టారా?"

వీడికెలా తెలుసు అనుకున్నాను. వాడే చెప్పాడు. బేస్‌బాల్‌లో అంతకంటే పెద్ద మోసం లేదట. పెద్ద ఆటగాళ్ళు బ్యాటు దొంగతనంగా తొలిచి కార్కు కూరతారట, దొరికిపోతే వాళ్ళని బయటికి గెంటేస్తారట. తేలికవుతుంది కదా, వేగంగా తిరుగుతుంది. వాళ్ళ నాన్న చెప్పాడట. నేను మళ్ళీ లేదు అన్నాను. వాడు నా ముఖంలోకి చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు.

నాన్నకి బేస్‌బాల్ నియమాలు ఒక్కటీ తెలియవు. ఆయన దృష్టిలో అది పాడైన వస్తువుని బాగుచెయ్యడం. ఈ మాట చెబితే ఏం చేస్తాడో నాకు క్షణంలో తెలిసింది. బ్యాటు ముక్కలు చేసి పొయ్యిలో పెడతాడు. మా ఇంట్లో మోసం అన్న మాట కంటే చెడ్డమాట లేదు. బ్యాటు పోతే నేను బల్ల మీద. అందుకని చెప్పలేదు. రేపు చెబుతాను అనుకున్నాను, ఆ రేపు ఆట ఉందని ఎల్లుండి అనుకున్నాను.

అప్పటినుంచి నాన్నని మించిపోయాను. బ్యాటుని తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళేవాణ్ణి. మిగతా బ్యాట్లతో కలిపి గోడకి ఆనించనిచ్చేవాణ్ణి కాదు. అంపైరు దగ్గినా నా గురించేనేమో అనిపించేది. పక్కింటివాడు కోచ్‌తో ఏం మాట్లాడుతున్నా చెవులు రిక్కించేవాణ్ణి. అమ్మ డబ్బాలోంచి రోజూ గుప్పెడు జంతికలు దొంగిలించి వాడికి పెట్టాను. వాడు ఏమీ అడక్కుండా తినేవాడు. అది చూస్తే ఇంకా భయమేసేది. ఆ భయంతోనే మరో రెండు ఆటల్లో ఐదుసార్లు కొట్టాను. జట్టు ఆఖరి ఆటకి చేరింది.

ఆఖరి ఆట రోజు బాగా ఎండగా ఉంది. ఊరు ఊరంతా వచ్చింది. అమ్మ కూడా వచ్చి, తెల్ల ఆడవాళ్ళ మధ్య చీర కుచ్చిళ్ళు గడ్డిలో ఆనకుండా పట్టుకుని కూర్చుంది. నా వంతు వచ్చింది. బంతి వచ్చింది, తిప్పాను, టప్పుమని పగిలిన చప్పుడు. బ్యాటు నిలువునా చీలిపోయింది. చివరి బిళ్ళ ఊడి దొర్లుకుంటూ పోయింది. నా కాళ్ళ దగ్గర గోధుమరంగు కార్కు ముక్కలు పడ్డాయి.

అంపైరు ముఖానికున్న జాలీ తీసి, వంగి ఒక ముక్క ఏరాడు. కోచ్‌ని పిలిచాడు. కోచ్ ఆ ముక్కనీ, నన్నూ చూశాడు. అవతలి జట్టు పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. "ఎవరు చేశారిది?" అన్నాడు అంపైరు, అందరికీ వినపడేట్టు.

నేను నోరు తెరవలేదు. నా వెనకనుంచి నాన్న గొంతు వినపడింది.

"నేనే."

కంచె తలుపు తోసుకుని, చొక్కా సర్దుకుంటూ మైదానంలోకి వచ్చాడు. ముఖాన చిరునవ్వు. పని బాగుందని అడుగుతున్నారనుకున్నాడు. రంధ్రం ఎంత వెడల్పు, ఎంత లోతు, కార్కు ఎందుకు, అన్నీ చేతులతో చూపిస్తూ ఇంగ్లీషులో వివరించాడు. చీలిక చూసి, తొలిచిన గోడ పలచనైందని, ఈసారి ఇంకొంచెం మందంగా వదలాలని కూడా చెప్పాడు. అవతలి వాళ్ళలో ఎవరో ముందు నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. ఒకడు "దొంగ" అన్నాడు. ఆ మాట నాన్న విన్నాడు. అర్థం కాక నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

కోచ్ నాన్న భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. వింటూ వింటూ నాన్న ముఖం నల్లబడిపోయింది. కోచ్ తిరిగొచ్చి అంపైరుతో, "ఈయనకి తెలియదు. తెలిసి చేసినవాడు అందరి ముందూ నడిచొచ్చి చెప్పడు" అన్నాడు. నన్ను ఆటలోంచి పంపేశారు. జట్టు ఓడిపోయింది. ఇంటికెళ్ళే దారిలో అమ్మ ఒక్కతే, "కుర్చీ మర్చిపోయాం" అంది. వెనక్కి వెళ్ళలేదు.

మర్నాడు సాయంత్రం నాన్న ఆఫీసు బట్టలు మార్చుకోకుండానే నన్ను వెంటబెట్టుకుని కోచ్ ఇంటికి వెళ్ళాడు. అమ్మ చేసిన కొబ్బరి లౌజు చేతిలో ఉంది. గుమ్మంలో నిలబడే, "నాకు మీ ఆట తెలియదు. తెలుసుకోకుండా చేశాను, తప్పు నాది. మా అబ్బాయికి ఏమీ తెలియదు. వచ్చే ఏడు వాణ్ణి మాత్రం జట్టులోంచి తీసేయకండి" అన్నాడు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. కోచ్ కొంచెంసేపు నావైపు చూశాడు. నా చెవులు కాలిపోయాయి. పక్కింటివాడు ఆయనకి చెప్పాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. "తీసెయ్యనండీ" అన్నాడు కోచ్, నా మీంచి చూపు తిప్పుకోకుండానే. తర్వాత తాళాలు తీసుకుని మమ్మల్ని తన బావమరిది షాపుకి తీసుకెళ్ళాడు.

షాపు వెనక పెరట్లో పెద్ద పీపా నిండా వాడిన బ్యాట్లు ఉన్నాయి. పిల్లలు పొడుగయ్యాక పొట్టివి తెచ్చి అందులో వేసి, తమకి సరిపోయేవి పట్టుకుపోతారు. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. మొదట చీటీ మీద షాపు పేరు రాసింది అందుకే. నాన్న పీపా చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక బ్యాటు తీసి నా ఛాతీకి ఆనించి, చెయ్యి చాచమన్నాడు. నా వేళ్ళు అంచుని అందుకున్నాయి. దాన్ని తట్టి చూడలేదు, దొర్లించి చూడలేదు. షాపతనికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఇంటికొస్తూ కారులో అన్నాడు, "అతన్ని అన్యాయంగా అనుమానించాను రా." కాస్త దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "కార్కు పెట్టడం తప్పని నీకేమైనా తెలుసా?" అని అడిగాడు.

"తెలీదు నాన్నా" అన్నాను.

"అదే అనుకున్నాను. నీకెలా తెలుస్తుంది, చిన్నపిల్లాడివి" అని నా తల నిమిరాడు.

తర్వాత్తర్వాత ఆ కథ నాన్నే అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. శనివారం భోజనాల్లో, పెళ్ళిళ్ళలో, మా అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని. తన మీద తనే జోకులు వేసుకునేవాడు, కన్ను కొట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా చివర ఒక మాట మాత్రం కలిపేవాడు: "పాపం, మావాడికేం తెలియదు." అప్పుడు నేను అక్కడే ఉండేవాణ్ణి, నీళ్ళు అందిస్తూనో, పళ్ళేలు తీస్తూనో. నా పెళ్ళయ్యాక ఒకసారి, ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంకోసారి, చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణి. అడగలేదు. నా మాట నమ్మి వెళ్ళిపోయాడు.